మందు కాని మందు

జ్వరమునకు మందు, దగ్గునకు మందు అని పిలుచు నోటితోనే మనము పైరుమీఁది పురుగును జంపు విషమును సైతము మందనుచున్నాము. ఇది చిన్న పొరపాటని మేము తలఁపము. విషమని పిలిచినచో నెవ్వరును దానిని వట్టిచేతితోఁ గలుపరు. మోతాదు హెచ్చినకొలఁది గుణము హెచ్చునని భ్రమపడరు.

ఈ విషములన్నియు నొక్క జాతివి గావు. పత్తిచేలలో మిక్కిలి వాడుకకు వచ్చిన మోనోక్రోటోఫాస్ వంటివి నరములపైఁ బనిచేయును. నరము కండకుఁ బంపిన యాజ్ఞను, పని తీఱిన వెంటనే తుడిచివేయు ద్రవ్య మొకటి పురుగునందును మనయందును గలదు. విషము దానిని బంధించును. ఆజ్ఞ యాఁగదు, పురుగు వడఁకి చచ్చును. మనుష్యుని దేహమున విషము చేరినచోఁ గంటిపాప సూదిమొనయంత యగును, చొంగ కాఱును, ఊపిరి యాడదు. పురుగునకును మనకును భేదము మోతాదులోనే!

అందుచేతనే 1968వ సంవత్సరపు కీటకనాశనుల చట్టము ననుసరించి ప్రతి డబ్బాపైని రంగుల త్రికోణమును ముద్రించుచున్నారు. ఎఱుపు మిక్కిలి ఘోరము. దానిపైఁ గపాలము, ఎముకలు నుండును. తరువాత పసుపు, నీలము, ఆకుపచ్చ. ఆకుపచ్చ యైనంతమాత్రమున నిరపాయకరము కాదు సుమా!

2013 జూలై 16వ తేదీన బీహారులోని సారణ్ జిల్లా, గండామన్ గ్రామమున బడిలో మధ్యాహ్నభోజనము చేసిన పిల్లలలో 23 మంది మరణించిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసినదని పరీక్షలోఁ దేలెను. కూరగాయలపై దాని వాడుకను ప్రభుత్వము 2005లోనే నిషేధించియుండెను. నిషేధము కాగితముమీఁద నున్నది. విషము వంటయింటికి వచ్చినది.

మా విద్యార్థులలో పెక్కండ్రు రైతుబిడ్డలు. డబ్బాపై నావగింజకన్నఁ జిన్న యక్షరములను ఇంట వారే చదువఁగలరు. కావున నేఁటేఁట నొక పాఠము మాని, ఆ చీటిని తరగతిలోఁ జదివింపవలెనని మా కోరిక. పరీక్షకు రాదు గదా యని తోటివారు కొందఱు నవ్విరి.

గతవర్ష మొక బాలుఁడు పురుగుమందు సీసాలో మంచినీళ్లు తెచ్చుకొనెను. "మూఁడుసార్లు కడిగితిమండీ" యనెను. మూఁడుసార్లు కడుగుట నిజమే, కాని యా కడిగిన నీరు పిచికారీ తొట్టిలోనే పోయవలెను. పిమ్మట సీసాకుఁ జిల్లులు పొడిచి పాఱవేయవలెను, మఱల వాడఁగూడదు. మేమే మేకుతోఁ బొడిచితిమి. మఱునాఁ డతఁడు చెంబుతో వచ్చెను. ఇంట నింకను రెండు సీసాలున్నవఁట. ఒకదానిలోఁ గిరసనాయిలు, వేఱొకదానిలో మంచినూనె.