అనురాధపుర దర్శనము: అట్ఠకథల నష్టము

సింహళద్వీపమందలి అనురాధపురమునకు పోవు భారతీయ పండితులు సాధారణముగా మహాబోధివృక్షమునకు నమస్కరించి, రువన్వెలిసాయ స్తూపమునకు ప్రదక్షిణ మొనర్చి, జేతవన స్తూపమును చూచి అబ్బురపడి మరలివత్తురు. అబ్బురపాటు తగినదే. మహాసేనుడు ఆరంభించిన ఆ యిటుకల కట్టడము తొలుత ఇంచుమించు 120 మీటర్ల యెత్తు గలది. పిరమిడ్లు రెండు తప్ప ఆ కాలమున దానిని మించిన కట్టడము లేదందురు. అయినను భాషావిషయమున కృషిచేయువారు ఎక్కువసేపు నిలువవలసిన తావు మహావిహారము. అచ్చట మిగిలినవి రాతికంబములును, పునాదులును. కన్నులకు విందుగొల్పునది స్వల్పము.

క్రీ.శ. 5వ శతాబ్ది పూర్వార్ధమున, మహానామరాజు కాలమందు, బుద్ధఘోషుడు భారతభూమినుండి ఈ విహారమునకు వచ్చి, త్రిపిటకములకు సింహళభాషలో నున్న అట్ఠకథలను పాలిలోనికి మార్చెను. అందువలన ఆ వ్యాఖ్యలు ద్వీపము దాటి బర్మాకును సయామునకును అందినవి. ఇంతవరకు అందరు కొనియాడునదే. కాని పాలి గ్రంథములు స్థిరపడినకొలదియు సింహళమూలములను చదువువారు సన్నగిల్లిరి. ప్రతులు వ్రాయువారు లేకపోయిరి. నేడు వానిలో ఒక్కటియు సమగ్రముగా లేదు. 10వ శతాబ్దిలో 5వ కాశ్యపరాజు ధమ్మపదట్ఠకథకు వ్రాసిన సింహళ పదవివరణమందు కొన్ని తునుకలు మాత్రము నిలిచినవి. బుద్ధఘోషుడు ఆంధ్రుడా, మాగధుడా యని తెలుగువారు వాదించుటకు వ్యయించిన కాగితములో కొంత ఈ నష్టవిచారమునకు వినియోగించియున్న బాగుండెడిది.

ఈ నష్టమునకు అనువాదకుని నిందించుట న్యాయము కాదు. దేశభాషలోని శాస్త్రము విస్తృతవ్యాప్తి గల భాషలోనికి చేరగానే మూలముతో పని తీరినదని తలచిన సంప్రదాయమే దోషి. భారతీయ భాషాశాఖలు నేడు తమ గ్రంథములను ఆంగ్లములోనికి దించుటకు చూపు తొందరలో మూలపాఠ పరిష్కరణమునకు ఎంత పాలు దక్కుచున్నదో లెక్క చూచుకొనవలెను.

ఆంధ్రదేశమునకు ఈ విషయమున వేరొక బాధ్యతయు కలదు. 3వ శతాబ్దినాటి నాగార్జునకొండ శాసనమున ఉపాసిక బోధిసిరి చేసిన దానములు తామ్రపర్ణి థేరులను స్మరించుచున్నవి; సింహళవిహారమును అందు పేర్కొనబడినది. నాటి రాకపోకలు అట్టివి. నేడు తెలుగుశాఖలలో సింహళము నేర్చినవారు అరుదు. కాశ్యపుని పదవివరణమును తెలుగు లిపిలో, పాలి అట్ఠకథతో ప్రక్కప్రక్కన పరిష్కరించి ప్రకటించుట మొదట చేయదగిన పని. పేరాదెనియ, కెలనియ విశ్వవిద్యాలయముల పండితుల తోడ్పాటు లేక అది సాగదు. విద్యార్థులను అనురాధపురమునకు కొనిపోవుట ఆ పిదప కావచ్చును.