మైక్ టెస్ట్ అంటే "హలో హలో" ఒక్కటేనా?

ఫోన్ రివ్యూల్లో కెమెరాకి పది నిమిషాలు, మైక్‌కి పది సెకన్లు. "హలో హలో, వినిపిస్తోందా గైస్?" అంతే, అయిపోయింది. సొంతంగా పాటలు చేసుకునే వాళ్లతో ఒక గంట కూర్చుని మాట్లాడితే ఇదెంత అన్యాయమో తెలుస్తుంది.

ఇండిపెండెంట్ మ్యూజీషియన్ దొరికితే అందరూ అడిగేది ఒకటే: ఇన్‌స్పిరేషన్ ఎక్కడి నుంచి వస్తుంది? దబీర్‌పురాలో ఆ ప్రశ్నకి అర్థం లేదు. పాత నగరం గోడకి మిగిలిన రెండు దర్వాజాల్లో ఒకటి అక్కడుంది. బీబీ కా అలావా అక్కడుంది. మొహర్రం పదో రోజున బీబీ కా అలం ఏనుగు మీద అక్కడి నుంచే చాదర్‌ఘాట్ వైపు బయల్దేరుతుంది, దారంతా నౌహాలే. (నౌహాని సంగీతం అనరు, అది శోకం. కానీ పదిమందితో గొంతు కలపడం, లయ తప్పకపోవడం అక్కడి పిల్లలకి ఎవరూ ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు.) కొదవంతా గదికి, టైమ్‌కి, మైక్‌కి.

అందుకే ఫోనే స్టూడియో. అక్కడే అది మోసం చేస్తుంది. కాల్స్ కోసం ట్యూన్ చేసిన ప్రాసెసింగ్‌లో ఆటో గెయిన్ కంట్రోల్, నాయిస్ సప్రెషన్ ఉంటాయి. మెల్లగా పాడితే పెంచేస్తుంది, గట్టిగా ఎత్తుకుంటే నొక్కేస్తుంది. డఫ్ దెబ్బ పడితే దాని దృష్టిలో అది నాయిస్! పాటకి ప్రాణమే ఆ హెచ్చుతగ్గుల్లో ఉంటుంది కదా. పోనీ బ్లూటూత్ బడ్స్‌లో ట్రాక్ వింటూ పాడదామంటే, 100-200 మిల్లీసెకన్ల లేట్ మామూలే. రికార్డైన గొంతు బీట్ వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది, తర్వాత చేత్తో జరుపుకోవాలి. 3.5 ఎంఎం జాక్ పీకేసినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లు ఒకసారి ర్యాప్ రికార్డ్ చేసి చూడాలి.

ఇక డబ్బు. 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాట గడిచిన 12 నెలల్లో 1,000 స్ట్రీమ్స్ చేరకపోతే రాయల్టీ లెక్కలోకే రాదు. 20 పాటలున్నోడికి ఒక్కోదానికి 900 వచ్చాయనుకోండి. 18,000 సార్లు విన్నారు, చేతికి సున్నా. ఫ్రాడ్ ఆపడానికంటారు, అందులో కొంత నిజం ఉంది. కానీ దక్ఖనీలో తన గల్లీ గురించి రాసేవాడికి వినేవాళ్లు ఎలాగూ తక్కువే. దెబ్బ ముందు వాడికే తగులుతుంది.

"హిట్టైతే అన్నీ సెట్ అయిపోతాయిలే" అంటారు. రూహాన్ అర్షద్ "మియా భాయ్"కి కోట్ల వ్యూస్ వచ్చిన మాట నిజమే. రాహుల్ సిప్లిగంజ్ కూడా పాతబస్తీ కుర్రాడే, యూట్యూబ్‌లో సొంత పాటలతో పేరు తెచ్చుకున్నవాడే. అయినా 2023లో ఆస్కార్ స్టేజ్ దాకా తీసుకెళ్లింది సినిమా పాట. మన దగ్గర పాట అంటే సినిమానే అన్న అలవాటు ఏ యాప్ అప్‌డేట్‌తోనూ పోదు.

మైక్ సంగతి మాత్రం అంత కష్టం కాదు. ప్రాసెసింగ్ లేని ఆడియో సోర్స్ ఆండ్రాయిడ్ 7 నుంచే డెవలపర్లకి ఉంది. సపోర్ట్ ఇవ్వాలా వద్దా అన్నది ఫోన్ కంపెనీ ఇష్టం, స్పెక్ షీట్‌లో ఆ లైన్ కనబడదు. రివ్యూ చేసే మిత్రులారా, వచ్చేసారి 15 వేల ఫోన్ చేతికొస్తే ఒక డఫ్, ఒక గొంతు రికార్డ్ చేసి, ఎడిట్ చేయకుండా అలాగే వినిపించండి.