పాలలెక్కల పుస్తకంలో కవితలు



మొన్న వేసవిలో పాతకాగితాలు కొనే అతను వీధిలోకి వస్తే అటకమీది కట్టలన్నీ దింపాము. అమ్మ పాలలెక్కల పుస్తకాన్ని తూకంలో వేయబోతుండగా మా చిన్నపాప చివరి పేజీలు తిప్పి, "ఇవి లెక్కలు కావు" అన్నది. చూస్తే పదకొండు చిన్న కవితలు! ఎన్నడూ ఎవరికీ చూపనివి. "పిచ్చిరాతలు. ఎవరు అచ్చువేస్తారు?" అని అమ్మ సిగ్గుపడింది.

అచ్చు వేసేవారికోసం ఎదురుచూడనక్కరలేదని అర్జెంటీనాలో కొందరు చేసి చూపించారు. 2001లో ఆ దేశ ఆర్థిక వ్యవస్థ కూలిపోయి, రాజధాని బ్యూనస్ ఎయిర్స్ వీధుల్లో అట్టలేరుకుని బ్రతికేవారు ఎక్కువయ్యారు. 2003లో 'ఎలోయిసా కార్తొనేరా' పేరుతో కొందరు రచయితలు, చిత్రకారులు కలిసి, ఆ అట్టలను మామూలు ధరకన్నా ఎక్కువకు కొని, రంగులు వేసి, కవితల, కథల పుస్తకాలకు అట్టలుగా కట్టారు. వారిని చూసి ఇతర దేశాల్లోనూ ఇలాంటివి వెలిశాయి.

మేమూ ఆరు ప్రతులు చేయాలనుకున్నాము. పద్ధతి ఇది.

ఒకవైపే వాడిన ఏ4 కాగితాలు ప్రతికి ఎనిమిది తీసుకోండి. రాత ఉన్నవైపు లోపలికి పోయేలా సగానికి మడవండి. శుభ్రమైన పదహారు పేజీలు వస్తాయి. మడతలన్నీ ఒకవైపు, విడి అంచులన్నీ కుట్టేవైపు ఉండాలి. కుట్టేవైపు రెండు వేళ్ళ వెడల్పు వదిలి కవితలు రాయండి. పైనా కిందా పాత శుభలేఖల అట్టలు పెట్టండి.

అంచునుండి ఒక సెంటీమీటరు లోపలికి దబ్బనంతో మూడు రంధ్రాలు పొడవండి. అర మీటరు గట్టిదారం చాలు. మధ్య రంధ్రంలో పైనుండి దింపి, పై రంధ్రంలోంచి పైకి తీసి, కింది రంధ్రంలో దింపి, మళ్ళీ మధ్యలోంచి పైకి తీయండి. పొడుగు కుట్టుకు అటొక కొస, ఇటొక కొస ఉంచి ముడి వేయండి. కుట్టుపక్కనే స్కేలు పెట్టి, సిరా అయిపోయిన పెన్నుతో గీత నొక్కితే అట్ట చక్కగా తెరుచుకుంటుంది. పిన్నులు మాత్రం కొట్టవద్దు. అవి తుప్పుపట్టి కాగితాన్ని పాడుచేస్తాయి.

తాటాకులకు రంధ్రం చేసి దారం కట్టిన మన పెద్దల పుస్తకాలకు ఇది దూరమేమీ కాదు.

పూర్తయిన ప్రతులను అమ్మ చేతిలో పెట్టాము. కళ్ళజోడు తెచ్చుకుని చాలాసేపు చదివింది. ఏమంటుందోనని చూస్తున్నాము. "ఆరో కవితలో ఒక మాట తప్పు రాశారు" అన్నది. పెన్ను తీసుకుని ఆరు ప్రతుల్లోనూ తానే దిద్దింది. తరువాత ఒకటి పిన్నికి పంపమని అడిగింది.

పాతకాగితాలు తూకానికి వేసేముందు చివరి పేజీలు ఒక్కసారి తిప్పి చూడండి. రాసినవారు ఇంట్లోనే ఉంటే, ఈ వారమే అడగండి.