విద్యార్థులు - విశ్వవిద్యాలయ పోలీసులు

విద్యార్థి, పోలీసు అను రెండు మాటలు ఒక్క వాక్యమున వినబడినంతనే తెలుగువాని మనస్సు కొంత కలతపడుట సహజము. 1938లో వందేమాతరము పాడినందుకు ఉస్మానియా విశ్వవిద్యాలయమునుండి వెడలగొట్టబడి, నాగపురమునకు పోయి చదువు ముగించుకొన్న యువకుల కథ మన యిండ్లలో ఇంకను చెప్పుకొనుచునే యున్నారు. 2016 మార్చిలో హైదరాబాదు విశ్వవిద్యాలయమున పోలీసులు విద్యార్థులను, అధ్యాపకులను నిర్బంధించిన సంగతియు మరపునకు రాలేదు. ఇట్టి మనకు, అమెరికాలో విశ్వవిద్యాలయమునకే సొంత పోలీసుశాఖ యుండుననియు, అందు విద్యార్థులే గంటల వేతనమునకు కొలువు చేయుదురనియు చెప్పినచో వింతగా తోచక మానదు. కాని 2023-24వ విద్యాసంవత్సరమున ఆ దేశమందలి భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602. అందు తెలుగువారి భాగము స్వల్పము కాదు. మన పిల్లలు చేరగల కొలువు ఎట్టిదో విచారించుట మన విధియే యగును.

ఆ దేశమున విశ్వవిద్యాలయ పోలీసు వ్యవస్థ 1894లో యేల్ విశ్వవిద్యాలయమున మొదలైనది. నగర పోలీసులకును విద్యార్థులకును పొసగని దినములవి. నగరశాఖనుండి ఇద్దరిని తెచ్చి ఆవరణమున నిలిపిరి. 1970 మే 4వ తేదీన కెంట్ విశ్వవిద్యాలయమున నేషనల్ గార్డు సైనికులు కాల్పులు జరిపి నలుగురు విద్యార్థులను చంపిన పిమ్మట, వెలుపలి బలములను పిలుచుటకంటె విద్యార్థుల నెరిగిన సొంత పోలీసులుండుట మేలను వాదము మరింత బలపడినది. 1986లో లీహై విశ్వవిద్యాలయమున ఒక విద్యార్థిని తన వసతిగృహపు గదిలోనే హత్యకు గురియైనది. ఆమె తలిదండ్రుల పట్టుదలవలన 1990లో క్లెరీ చట్టము వచ్చినది. ప్రతి విద్యాలయమును తన ఆవరణమున జరిగిన నేరముల లెక్కను ఏటేట ప్రకటించి తీరవలయునని ఆ చట్టము విధించినది. నేడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పది ఆవరణములకును పోలీసుశాఖలు కలవు. వారి యధికారము ప్రహరీతో ఆగదు. చట్టరీత్యా ఎల్లకు ఒక మైలు వెలుపలివరకు సాగును.

ఇక విద్యార్థుల కొలువు. లాస్ ఏంజిలిస్ ఆవరణమున వీరిని కమ్యూనిటీ సర్వీసు ఆఫీసర్లందురు. ప్రొద్దుక్రుంకిన తరువాత గ్రంథాలయమునుండియో ప్రయోగశాలనుండియో ఒంటరిగా గదికి పోవలసినవారు కబురుచేసినచో, వీరిలో నొకరు వచ్చి తోడుగా నడిచి దిగబెట్టుదురు. భవనములకు కాపలా కాయుదురు. రాత్రివేళ గ్రంథాలయ ద్వారమున గుర్తింపుపత్రములు చూతురు. వీరివద్ద తుపాకి లేదు. అరెస్టుచేయు నధికారము లేదు. ఉన్నదెల్ల ఒక రేడియో. అపాయము కనబడినచో అందు పోలీసులను పిలువవలయును. అర్ధరాత్రి చెట్లనడుమ దారిని వెరచుచు నడచు ఆడపిల్లకు, తనతోపాటు మరునాడు పాఠము వినబోవు వాడొకడు ప్రక్కన నడుచుట ఎంతటి ధైర్యము! ఈ పనిని మేము మనసార మెచ్చుకొనుచున్నాము.

వేతనము మాటకు వత్తము. విదేశీ విద్యార్థి చదువు సాగు దినములలో ఆవరణమందే, వారమునకు 20 గంటలకు మించకుండ పనిచేయవచ్చును. అనుమతి లేక వెలుపల పనిచేసినచో వీసాయే పోవును. 1964 నాటి చట్టముతో మొదలైన ఫెడరల్ సహాయపు కొలువులు విదేశీ విద్యార్థులకు దక్కవు. మిగిలినవి భోజనశాల, గ్రంథాలయము, వసతిగృహము, ఈ రక్షణశాఖ. 2025లో కాలిఫోర్నియా కనీసవేతనము గంటకు 16.50 డాలర్లు, ఇరువది గంటలకు 330 డాలర్లు. ఇంటిని తాకట్టుపెట్టి కొడుకును పంపిన తండ్రికి ఇది ఊరట. అట్లయ్యు ఆ తండ్రియే బంధువులయెదుట "మావాడు యూనివర్సిటీలో ఉద్యోగము చేయుచున్నాడు" అని చెప్పి, ఏ ఉద్యోగమో చెప్పక మాట తప్పించును! కాపలా కాయుట మనకు ఇంకను నామోషియే. ఆ సిగ్గును ఆ దేశపు చలిలో రాత్రి పన్నెండుగంటలకు నిలుచుండిన పిల్లవాడు ముందుగా వదలుకొనుచున్నాడు. మేలే.

అయినను మా సందేహము వేరొకచోట నున్నది. 2006 నవంబరు 14వ తేదీ రాత్రి, ఆ లాస్ ఏంజిలిస్ ఆవరణమందే, పావెల్ గ్రంథాలయమున ఇట్టి విద్యార్థి ఉద్యోగి యొకడు నియమానుసారముగా గుర్తింపుపత్రములు అడుగుచు వచ్చెను. ఇరాను సంతతివాడగు ఒక విద్యార్థి చూపుటకు నిరాకరించెను. తన రూపమును బట్టియే తన్నడిగిరని అతని అనుమానమని అతని న్యాయవాది తరువాత చెప్పెను. ఉద్యోగి పోయి పోలీసులను పిలిచెను. వారు వచ్చి, తోటివారందరు చూచుచుండగా, విద్యుదాఘాతము కలిగించు టేజరును అతనిపై పలుమారులు ప్రయోగించిరి. చూచుచున్నవారిలో నొకరు దానిని వీడియో తీయగా లోకమెల్ల చూచినది. ఆ ఆయుధప్రయోగము అనవసరమని, విశ్వవిద్యాలయము కోరగా జరిగిన స్వతంత్ర విచారణలో 2007లో తేలినది. తుదకు 2009లో 2,20,000 డాలర్లు చెల్లించి విశ్వవిద్యాలయము వ్యాజ్యమును పరిష్కరించుకొన్నది.

పత్రము చూపుమని అడిగిన యువకుని మేము తప్పుపట్టము. రాత్రి పదునొకండు దాటిన పిమ్మట ఎవరుండవచ్చునో తెలిసికొనుమని అతనికి చెప్పిరి; అతడు తెలిసికొనబోయెను. కాని తోటి విద్యార్థితో ఒక మాట పట్టింపు వచ్చినప్పుడు, అతనిచేతిలో రేడియో తప్ప మరియొక సాధనము లేకపోయెను. గ్రంథాలయాధికారిని పిలుచుట, పది నిమిషములు ఆగి మరల మంచిగా అడుగుట, ఇవేవియు లేక నేరుగా సాయుధులను రప్పించు నొక్క దారియే అతనికి కనబడినది. గంటల వేతనమునకు వచ్చిన పిల్లవానిపై ఇంత భారము మోపిన పెద్దలదే ఆ బాధ్యత యని మా నిశ్చయము.

ఇంతకంటె సూక్ష్మమైన ప్రమాద మొకటి కలదు. 1971 మార్చిలో పెన్సిల్వేనియాలోని మీడియా పట్టణమున ఫెడరల్ గూఢచారిశాఖ కార్యాలయమునుండి కొందరు కాగితములు ఎత్తుకొనిపోయి పత్రికలకు పంపిరి. స్వార్త్‌మోర్ కళాశాల టెలిఫోను ఆపరేటరు మొదలు ఆవరణ రక్షకులవరకు చిన్న ఉద్యోగులద్వారా అధ్యాపకుల, విద్యార్థుల ఆనుపానులు రాబట్టిన సంగతి అందు బయటపడినది. చిన్న ఉద్యోగిని పట్టుకొనుట ఏ ప్రభుత్వమునకైన సులభము. 2025లో ఫ్లోరిడాలోని పలు ప్రభుత్వ విశ్వవిద్యాలయముల పోలీసుశాఖలు వలసచట్టముల అమలులో పాల్గొనుటకు ఫెడరల్ ప్రభుత్వముతో ఒప్పందములు చేసికొన్నవి. ఇట్టిచోట కొలువు చేయుచున్న తెలుగు విద్యార్థి యేమి చేయవలయును? పత్రము సరిలేని సహాధ్యాయి యొకడు తనకు తెలిసినచో, ఆ మాట పై యధికారికి చెప్పుట అతని విధియగునా? చెప్పకున్నచో కొలువు పోవునా? కొలువుకంటె ముఖ్యముగా, తన వీసాకే ముప్పు వచ్చునేమో యని అతడు భయపడడా? ఆ భయము మనసున నున్నవానికి, రాత్రి తోడునడిచిన సహాధ్యాయి మాట్లాడిన ప్రతి మాటయు బరువే యగును. తోడుకోరి పిలిచినవారును అతనియెదుట నోరు విప్పుటకు జంకుదురు.

కావున ఆ విశ్వవిద్యాలయములు నియామకపత్రమందే స్పష్టముగా వ్రాయవలసినవి కొన్ని కలవు. ఈ విద్యార్థులు సభలలోను, ఊరేగింపులలోను ఎవరున్నారో గుర్తుపెట్టి చెప్పనక్కరలేదు. ఎవరి జాతీయతను గాని వీసాను గాని వారు అడుగరాదు. అడుగుమని వారికి ఆజ్ఞ ఈయరాదు. ప్రాణాపాయము లేని తగాదాలకు మొదట పౌరాధికారిని, పిదపనే పోలీసును పిలువవలయును. ఆజ్ఞను నిరాకరించిన విదేశీ విద్యార్థికి దానివలన హాని కలుగరాదు. తోడునడిచిన వారి పేర్లు, పోయిన చోట్లు వ్రాసిన పుస్తకమెవరివద్ద నుండునో, ఎన్నినాళ్ళుండునో కూడ తెలుపవలయును.

మన విశ్వవిద్యాలయములలో పెక్కింట కాపలా కంట్రాక్టు సంస్థలచేతిలో నున్నది. హైదరాబాదు విశ్వవిద్యాలయమువంటి విశాలమైన ఆవరణమున రాత్రి తోడునడచు విద్యార్థిజట్టును వేతనమిచ్చి నిలుపుట మంచి యాలోచనయే. కాని ఆ జట్టు వసతిగృహపు పెద్దకు గాని విద్యార్థి సంక్షేమాధికారికి గాని లోబడవలయును, పోలీసుఠాణాకు లోబడరాదు. అక్కడ చేరబోవు మన పిల్లలకు మేమిచ్చు సలహా యొక్కటే: జీతపు వరుసను చదువుటకు ముందు, ఎవరి ఆజ్ఞకు లోబడి యుండవలయునో ఆ వరుసను చదువుకొనుడు, అది వ్రాసి లేనిచో, సంతకము చేయకమునుపే వ్రాసి ఇమ్మని అడుగుడు.