ఓడిపోనీకే పంపుతరా? దక్షిణ తెలంగాణ కాలేజీలకు సొంత ఫుట్‌బాల్ లీగ్ కావాలె!

రాష్ట్రం వచ్చి పదేండ్లు దాటింది, ఇంకా ఏం అడుగుతరు అని కొందరు పెద్దమనుషులు మమ్ముల నిలదీస్తున్నరు. అడిగేది చాలా ఉన్నది. ఈ వారం ఒక బంతి సంగతి అడుగుతున్నం. నల్లగొండ, పాలమూరు డిగ్రీ కాలేజీల పిల్లలు ఎవరితోని ఆడాలె, ఎప్పుడు ఆడాలె, ఎన్ని మ్యాచులు ఆడాలె? ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పేటోళ్లు ఎవరు?

ఇదేం పెద్ద సమస్య అని నవ్వకుండ్రి. నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడినం గదా. ఆ మూడూ ఈ బంతిలోనే ఉన్నయి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకరపోయిన మర్రిగూడ, నాంపల్లి నేల మీద ఒక పిల్లగాడు చక్కటి కాళ్లతోని ఉరుకుతున్నడంటే అది నీళ్ల ముచ్చట. ఆ ఉరికేతందుకు గ్రౌండు ఉన్నదా లేదా అన్నది నిధుల ముచ్చట. ఉరికినోనికి చేతిలో సర్టిఫికెట్ పడితే స్పోర్ట్స్ కోటాలో కొలువు అడగొచ్చు. అది నియామకాల ముచ్చట.

2012లో వచ్చిన 74 నంబరు జీవో సర్కారు కొలువుల నేరు నియామకాల్లో క్రీడాకారులకు 2 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో విశ్వవిద్యాలయం తరఫున ఆడినోళ్ల సర్టిఫికెట్‌కు అందులో లెక్క ఉన్నది. హైదరాబాద్ పిల్లగానికి అకాడమీ ఉంటది, క్లబ్బు ఉంటది, లీగ్ ఉంటది. అచ్చంపేట పిల్లగానికి కాలేజీ టీమ్ ఒక్కటే మెట్టు. ఆ మెట్టే ఊగుతున్నది అంటున్నం మేము.

ఒక్క మ్యాచు, ఇంటికి బస్సు

నల్లగొండలో 2007లో, పాలమూరులో 2008లో విశ్వవిద్యాలయాలు వచ్చినయి. అంతకుముందు ఈ కాలేజీలన్నీ ఉస్మానియా కింద ఉండేటివి. సర్టిఫికెట్ దిద్దించుకోవాలన్నా, టీమ్‌లో చోటు అడగాలన్నా వంద కిలోమీటర్లు బస్సెక్కి హైదరాబాద్ పోవుడే. మనకు మన విశ్వవిద్యాలయం వచ్చిందని సంబురపడ్డం. అది న్యాయమైన సంబురమే. కాని వర్సిటీ పేరు మారినంత తొందరగా ఆట తీరు మారలె.

కాలేజీల మధ్య పోటీ అంటే ఇప్పటికీ చాలాకాడ నాకౌటే. ఓడితే ఇంటికే. దీని లెక్క ఒక్కసారి కాగితం మీద వేసి చూడుండ్రి. ఎనిమిది టీములు వస్తే మొత్తం మ్యాచులు 7. నాలుగు టీములకు ఏడాదంతా కలిపి ఆడే మ్యాచు ఒక్కటే. పదహారు టీములు వస్తే 15 మ్యాచులు, ఎనిమిది టీములకు ఒక్కటే మ్యాచు. అంటే సగం మంది పిల్లలకు ఏడాది ఆట 90 నిమిషాలు. మూడేండ్ల డిగ్రీలో మూడు మ్యాచులు. మూడు మ్యాచులతోని గోల్‌కీపర్ తయారైతడా? డిఫెండర్ తయారైతడా? ఏడాదికి మూడు గంటలు పాఠం చెప్పి పరీక్ష పెట్టిన పంతులును ఊకుంటమా?

ఇగ ఆ నాకౌట్ నుంచే విశ్వవిద్యాలయం టీమ్‌ను ఏరి సౌత్ జోన్ పోటీలకు పంపుతరు. అక్కడ ఎదురొచ్చేది ఎవరు? కాలికట్, కేరళ, మద్రాస్ అసొంటి విశ్వవిద్యాలయాలు. మలబారులో బంతి పుట్టుకతోనే కాలికి తగులుతది. అక్కడి పిల్లలు ఏడాది పొడుగునా ఆడి వస్తరు. మనోళ్లు చేతి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మ్యాచులాడి పోతరు. అక్కడ కూడా ముందు నాకౌటే, ఆఖరుకు మిగిలిన నాలుగు టీములకే లీగ్. రెండు రోజులు రైలు ప్రయాణం, ఒక్క మ్యాచు, మళ్లీ రైలు. దీన్ని పాల్గొనుడు అంటరా, బలి పంపుడు అంటరా?

పిల్లలది తప్పు కాదు. పీడీలది అంతకన్నా కాదు. బంతులకు, బూట్లకు జేబులకెల్లి పెట్టుకున్న పీడీలు మాకు తెలుసు. తప్పు పోటీ అల్లికది. టైంటేబుల్‌ది.

పరీక్షా? పత్తా? పోటీయా?

2016-17 నుంచి డిగ్రీలో సెమిస్టర్ పద్ధతి వచ్చింది. అంతకుముందు ఏడాదికి ఒక్కసారి మార్చిలో పరీక్ష. ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు. చలికాలం వచ్చిందంటే ఒకదిక్కు సెమిస్టర్ పరీక్షలు, ఇంకోదిక్కు జోన్ పోటీలు. పరీక్ష రాస్తే ఆట పోయె, ఆడితే సబ్జెక్టు పోయె. గరీబు ఇంటి పిల్లగాడు ఏది ఇడుస్తడు? ఆటనే ఇడుస్తడు. ఇడువక ఏం చేస్తడు?

ఇంకోటి మన పట్నం దొరలకు ఎరుక లేని సంగతి ఉన్నది. దసరా దాటితే మన రెండు జిల్లాల్లో పత్తి ఏరే రోజులు. కాలేజీ పిల్లలు చేన్లకు పోతరు, పోకుంటే ఇల్లు గడువదు. వానాకాలం పంట చేతికొచ్చినంక పాలమూరు కుటుంబాలు బొంబాయి, పుణె బస్సులెక్కుడు తాతల నాటి నుంచి ఉన్నదే. అమ్మ, నాయిన వలస పోతే ఇంటికాడ ముసలోళ్లను, పసిపిల్లలను చూసుకునేది ఎవరు? ఆ డిగ్రీ పిల్లగాడే. సరిగ్గా గప్పుడే పోటీ పెడితే ఎవడు వస్తడు? టౌన్‌లో ఇల్లున్నోడు వస్తడు. తండాల నుంచి, ఊర్ల నుంచి వచ్చేటోడు రాడు. టైంటేబుల్ ఒక కాగితమే. ఆ కాగితమే ఎవడు ఆడాలె, ఎవడు ఆడొద్దు అని తీర్పు చెప్తున్నది.

రహీం సాబ్ చూపిన తొవ్వ

హైదరాబాద్ ఫుట్‌బాల్ అంటే సయ్యద్ అబ్దుల్ రహీం. ఉస్మానియాలో చదివిన బడిపంతులు. ఆయన చేతి కింద హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానంలో నిలబెట్టిండు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారం తెచ్చిండు. మరుసటేడే, 1963లో కన్నుమూసిండు. ఆయన మీద 2024లో హిందీలో ‘మైదాన్’ సినిమా వచ్చినంక మన పిల్లలకు పేరు తెలిసింది. బొంబాయోళ్లు సినిమా తీస్తే తప్ప మన ఇంటి మనిషి మనకు గుర్తురాలె!

ఆయన చేసిన పని ఒకటి చూడుండ్రి. డ్రిబ్లింగ్ చేయొద్దు అని నియమం పెట్టి టోర్నమెంట్లు నడిపిండు. వాటం లేని కాలుతోనే ఆడాలె అని ఇంకో పోటీ పెట్టిండు. ఎందుకు? పిల్లగానికి ఏది రాదో అది వచ్చేటట్టు పోటీని మలిచిండు. పోటీకి సరిపోయేటోన్ని ఏరుకునుడు కాదు, ఆటగాడు పెరిగేటందుకు పోటీని తయారు చేసుడు ఆయన విద్య. సికింద్రాబాద్ పక్క అమ్ముగూడ గరీబు ఇంట్ల పుట్టిన తులసీదాస్ బలరాం ఒలింపిక్స్ దాకా పోయింది అసొంటి కాలంలోనే.

తర్వాత ఏమైంది? హైదరాబాద్ 1956-57లో, 1957-58లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1956లో రాష్ట్రాన్ని కలిపినట్టే 1959లో ఫుట్‌బాల్ సంఘాన్ని కూడా ఆంధ్ర సంఘంల కలిపిండ్రు. కలిపినంక 1965-66లో ఒక్కసారి ఆ ట్రోఫీ వచ్చింది. అంతే, రాష్ట్రం విడిపోయేదాకా మళ్లీ లేదు. ఆట పోవుటానికి కారణం విలీనం ఒక్కటే అని మేము అనం. పోలీసు, బ్యాంకు, రైల్వే టీముల కొలువులు కరువైనయి, క్రికెట్ పైసలు వచ్చినయి, గ్రౌండ్లు ప్లాట్లయినయి. కాని సంగతి నిజం చెప్పుకోవాలె. రాష్ట్రం వచ్చినంక ఆ ట్రోఫీ మనకు రాలె. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సి 2022లో ఐఎస్ఎల్ కప్పు గెలిచింది. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి పోయింది. పైసలోని క్లబ్బు పైసలున్న కాడికి పోతది. కాలేజీ ఎటూ పోదు. దేవరకొండ కాలేజీ దేవరకొండలోనే ఉంటది. అందుకే ఆటను కాలేజీ మీద నిలబెట్టాలె అంటున్నం.

కింది డివిజన్ అంటే అవమానమా?

మేము చెప్పేది ఇది: ముందు మన సాటోళ్లతోని ఎక్కువ మ్యాచులు ఆడాలె. ఆడి గెలిచినోళ్లు పైకి పోవాలె. ఈ మాట అంటే కొందరు రోషపడుతున్నరు. ‘మమ్ముల చిన్న చేస్తరా? మేమెందుకు కింది డివిజన్‌లో ఆడాలె?’ అంటున్నరు.

అన్నలారా, రోషం మంచిదే. ఆ రోషంతోనే రాష్ట్రం తెచ్చుకున్నం. అప్పుడు మనం అన్నది ఏమి? ముందు నడిచినోణ్ని, వెనుక పడినోణ్ని ఒక్క తాడుకు కట్టి సమానత్వం అనుడు మోసం అన్నం. 1956 పెద్దమనుషుల ఒప్పందం నుంచి 1985 నాటి 610 జీవో దాకా మన వాదన అదే. సరిపోని పోటీలోకి తోసి, ఓడినంక ‘మీకు తెలివి లేదు’ అన్నోళ్లను మనం నిలదీసినం. అదే మాట ఇప్పుడు మన ఇంట్ల ఎందుకు చేదైతది? ఆనాడు కోస్తా మనకు ఎట్లనో, ఇయ్యాల హైదరాబాద్ గద్వాలకు అట్లనే కావద్దు గదా!

లోకం ఎట్ల నడుస్తున్నదో కూడా చూడుండ్రి. అమెరికాలో కాలేజీ ఆటల సంఘం 1973లో కాలేజీలను మూడు డివిజన్లుగా విడదీసింది. వాళ్ల ఫుట్‌బాల్ చేతుల్ల పట్టుకొని ఉరికే ఆట, అది వేరే ముచ్చట. మూడో డివిజన్‌లో ఆట కోసం స్కాలర్‌షిప్ ఇయ్యరు, చదువుకునే పిల్లలే ఆడుతరు. అందులో నాలుగు వందలకు పైగా కాలేజీలున్నయి. తమ పిల్లలెంతమంది, పైసలెన్ని, ఎంత దూరం పోగలరు అని చూసుకొని కాలేజీలు తమ డివిజన్ తేల్చుకుంటయి. దాన్ని అక్కడ ఎవరూ అవమానం అనరు. ఆట ఎక్కువైతది అంటరు.

ఒక్క రోడ్డు, ఎనిమిది కాలేజీలు

మా ప్రతిపాదన గాలిలో లేదు, రోడ్డు మీద ఉన్నది. 167 నంబరు జాతీయ రహదారి చూడుండ్రి. మహబూబ్‌నగర్, జడ్చర్ల, కల్వకుర్తి, మల్లేపల్లి, హాలియా, మిర్యాలగూడ, అన్నీ దాని మీదనే. వనపర్తి, దేవరకొండ, నల్లగొండ, సూర్యాపేట దానికి ఇరుపక్కల. పట్నం ముఖం చూడకుండ మనం మనం కలిసేతందుకు రోడ్డు ఉన్నది, ఆర్టీసీ బస్సు ఉన్నది. లేనిది షెడ్యూలే.

మహబూబ్‌నగర్, జడ్చర్ల, వనపర్తి, కల్వకుర్తి ఒక గ్రూపు. నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, సూర్యాపేట ఇంకో గ్రూపు. ప్రతి టీమ్ తన గ్రూపులో ఒక్కొక్కరితోని రెండుసార్లు ఆడాలె, మన ఊర్ల ఒకటి, వాళ్ల ఊర్ల ఒకటి. గ్రూపుకు 12, రెండు కలిపి 24 మ్యాచులు. ప్రతి పిల్లగానికి తక్కువల తక్కువ ఆరు మ్యాచులు. నాకౌట్‌లో ఓడి ఇంటికి పోయేటోనికి ఒకటి, ఇందులో ఆరు! పొద్దుగాల పోయి రాత్రికి ఇల్లు చేరొచ్చు. లాడ్జి ఖర్చు లేదు. ఇంటికాడ మ్యాచు జరిగితే ఊరు చూస్తది. ఊరు చూస్తే గ్రౌండు కబ్జా కాదు.

మా డిమాండ్లు ఇవి:

1. మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాలు రెండూ కలిసి ఈ లీగ్ నడపాలె. ఏడాది మొదట్ల చదువుల క్యాలెండర్‌తోనే మ్యాచుల షెడ్యూలు అచ్చేయాలె.

2. ఆగస్టు, సెప్టెంబరులో ఆరు శనివారాలు ఆటకు కేటాయించాలె. అప్పటికి పరీక్షలు ఉండయి, పత్తి ఏరుడు మొదలుకాదు, వానకు నేల మెత్తగుంటది. బతుకమ్మ నాటికి లీగ్ ముగియాలె.

3. కొత్తగా టీమ్ పెట్టే కాలేజీలకు రెండో డివిజన్ ఉండాలె. ఏ డివిజన్ అన్నది కాలేజీయే తేల్చుకోవాలె. గెలిచినోళ్లు పైకి, ఓడినోళ్లు కిందికి. సిఫారసుకు చోటు ఉండొద్దు.

4. సౌత్ జోన్ టీమ్‌ను లీగ్ ఆటను చూసే ఎంపిక చేయాలె. ఆ పోటీలకు పోవుడు బంద్ చేయుమని మేము అనం, సర్టిఫికెట్ హక్కు మన పిల్లలదే. తయారై పోవాలె అంటున్నం. పోయినోనికి పరీక్ష తప్పితే విశ్వవిద్యాలయం మళ్లీ రాయించాలె.

5. ఆడపిల్లలకు కూడా లీగ్ పెట్టాలె, పదకొండు మంది దొరకని కాడ ఏడుగురితోని మొదలుపెట్టాలె. నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ గుగులోతు సౌమ్య భారత జట్టుకు ఆడింది. దేవరకొండ, అచ్చంపేట తండాల్లో అసొంటి బిడ్డలు లేరా?

6. పీడీ లేని కాలేజీకి పీడీని ఇయ్యాలె. 2022లో ఊరూరా క్రీడా ప్రాంగణం బోర్డులు లేచినయి. బోర్డు వెనుక నేల ఎంత ఉన్నదో ఏ పిల్లగాన్ని అడిగినా చెప్తడు. మాకు బోర్డులు వద్దు, గోల్‌పోస్టులు కావాలె.

విద్యార్థి తమ్ముల్లారా, చెల్లెల్లారా! ఈ కాలేజీ గ్రౌండ్ల నుంచే ర్యాలీలు తీసినం. 2011 సకల జనుల సమ్మె రోజుల్లో ఉద్యోగులు, లెక్చరర్లు, విద్యార్థులు ఒక్క జెండా కింద నిలబడ్డరు. ఆ గ్రౌండ్లలో ఇయ్యాల గడ్డి మొలుస్తున్నది, పక్కపొంటి ప్లాట్ల రాళ్లు మొలుస్తున్నయి. మీ ప్రిన్సిపల్ దగ్గరికి పోయి అడుగుండ్రి: ఈ ఏడాది మన టీమ్ ఎన్ని మ్యాచులు ఆడుతది? ఎప్పుడు? ఎవరితోని? జవాబు లేకుంటే పది మంది సంతకాలతోని కాగితం ఇయ్యుండ్రి. ఉద్యోగ సంఘాల అన్నలు ఒక్కో కాలేజీకి నాలుగు బంతులు, రెండు వలలు ఇప్పిస్తే అది కూడా ఉద్యమమే.

ఓడుడుకు మేము భయపడం. 1969ల ఓడినం, మళ్లీ లేచినం. ఆడకుండానే ఓడిస్తమంటే మాత్రం ఒప్పుకోం.

జై తెలంగాణ!