ఇంత పెద్ద ఓడ యాడ నిలబెడతావప్పా?

పోయిన సెలవుల్లో హిందూపురం నుంచి ధర్మవరం వెళ్ళే రైల్లో నా సైన్స్ ఫిక్షన్ కథను ఫ్రెండ్‌కి చదివి వినిపించాను. అందులో హీరో యుద్ధనౌక పొడవు 12 కిలోమీటర్లు. 'స్టార్ వార్స్'లో స్టార్ డిస్ట్రాయరే 1,600 మీటర్లు, మనం తగ్గడమెందుకని! వాడు అంతా విని ఒకటే అడిగాడు: "ఇంత పెద్ద ఓడ యాడ నిలబెడతావప్పా?"

నా దగ్గర జవాబు లేదు. కానీ ఇప్పుడు ఒక అభిప్రాయం ఉంది. కథలో ముందు ఓడ పనేంటో తేల్చుకోవాలి, సైజు తర్వాత.

లెక్క సింపులే. ఆకారం మార్చకుండా ఓడ పొడవు రెండింతలు చేస్తే బరువు ఎనిమిదింతలవుతుంది. ఇంజిన్లు పెట్టే వెనక భాగం మాత్రం నాలుగింతలే పెరుగుతుంది. అంటే అదే రకం ఇంజిన్లతో వేగం పుంజుకునే శక్తి సగమైపోతుంది. 12 కిలోమీటర్ల ఓడ ఫైటర్‌లా గిర్రున తిరిగిందంటే అది ఫిజిక్స్ కాదు, గ్రాఫిక్స్.

అలాగని చిన్న ఓడలుంటే చాలనుకోకండి. 1971 డిసెంబర్ 4 రాత్రి మన నేవీ సుమారు 200 టన్నుల మిసైల్ బోట్లతో కరాచీ మీద దాడి చేసింది. పాకిస్తాన్ డిస్ట్రాయర్ ఖైబర్ మునిగిపోయింది. కానీ ఆ బోట్లు ఎక్కువ దూరం పోలేవు. అందుకే కొంత దూరం వాటిని వేరే ఓడలు లాక్కెళ్ళాయి.

ఆ రోజు రైలు పెనుకొండ చేరేసరికి కొండ మీద కోట కనిపించింది. 1565 తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని ఇక్కడికే మార్చుకున్నారు. కోట కదలదు, కాపాడుతుంది. ధర్మవరం జంక్షన్ యుద్ధం చెయ్యదు, బళ్ళను నడిపిస్తుంది. మన స్పేస్ ఫ్లీట్‌కి కూడా ఒక పెనుకొండ, ఒక ధర్మవరం ఉండాలి కదా!

ఇంకో విషయం ఉంది, నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. 'ఘాజీ' సినిమా చాలామంది చూసే ఉంటారు. 1971లో ఆ సబ్‌మెరైన్ మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ విశాఖ దాకా వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత ఓడ రాజ్‌పుత్ విక్రాంత్‌లా వైర్‌లెస్ సందేశాలు పంపి శత్రువును నమ్మించింది. చివరికి ఘాజీ విశాఖ దగ్గరే మునిగింది, అందులో ఒక్కరూ బతకలేదు. గెలిచింది మనమే. కానీ ఎర అయిన ఓడలోనూ మనుషులే ఉన్నారు.

ఇంటర్‌లో ఉన్నప్పుడు విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ఎక్కాను. పొడవు 91 మీటర్లు. లోపల ఎదురెదురుగా వస్తే ఒకరు పక్కకి ఒరగాల్సిందే. అప్పుడు సరదాగా అనిపించింది. ఇప్పుడనిపిస్తోంది, ఫ్లీట్‌లో సైజులంటే ఎవర్ని దాచాలి, ఎవర్ని ముందు పంపాలి అనే నిర్ణయమే అని. డాక్ట్రిన్ అంటే అదే.

కథ మళ్ళీ మొదలుపెట్టా. నా హీరో ఓడ ఇప్పుడు 90 మీటర్లే, దానికి ఎర పని పడింది. ఆ ఆర్డర్ మీద సంతకం పెట్టేది ఎవరో మాత్రం ఇంకా రాయలేకపోతున్నా.