డీజిల్ ఓనరుది, కాలు డ్రైవరుది

పికప్ బండి మైలేజీ తగ్గిందనగానే ఓనరు మెకానిక్ దగ్గరికి పరుగెత్తుతాడు. ఇంజెక్టర్లు చూపిస్తాడు, ఎవరో చెప్పిన మందేదో ట్యాంకులో పోస్తాడు, చిప్ పెట్టిస్తే లీటరుకు రెండు కిలోమీటర్లు పెరుగుతాయంటే దానికీ సిద్ధపడతాడు. మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరో, పట్టేసిన బ్రేకో ఉంటే బాగుచేయించాల్సిందే. కానీ ఏ లోపమూ లేని బండి కూడా ఒకరి చేతిలో తక్కువ, మరొకరి చేతిలో ఎక్కువ మైలేజీ ఇస్తుంటే ఇంజిన్‌ను తిట్టి లాభం లేదు. డీజిల్ ఖర్చు ఓనరుది, యాక్సిలరేటరు మీద కాలు డ్రైవరుది. ట్రిప్పుకు ఇంత అని డబ్బు కట్టే చోట ఎన్ని ట్రిప్పులు తిప్పితే డ్రైవరుకు అంత లాభం. మిగిల్చిన డీజిల్‌లో అతనికి చిల్లిగవ్వ దక్కదు. ముందు మార్చాల్సింది ఈ లెక్కనే.

ఆ కాలి చేతిలో ఎంత ఉందో చూడండి. వేగం రెట్టింపైతే ఎదురుగాలి బలం నాలుగు రెట్లవుతుంది; 80లో పోయే బండిని 60కి దించితే అది దాదాపు 44 శాతం తగ్గుతుంది. క్యాబిన్‌ను మించి టమాటా క్రేట్లు పేర్చి, పైన పట్టా రెపరెపలాడుతూ పోయే పికప్‌కు ఇది చిన్న తేడా కాదు. టైరులో గాలి తక్కువైతే ప్రతి చుట్టుకూ రబ్బరు ఎక్కువగా నలిగి, డీజిల్ ఇచ్చిన శక్తి వేడిగా పోతుంది. దిగుడులో న్యూట్రల్ చేస్తే డీజిల్ మిగులుతుందన్న నమ్మకమైతే పూర్తిగా తలకిందులు. ఇప్పటి కామన్ రైల్ ఇంజిన్లలో బండిని గేరులోనే ఉంచి యాక్సిలరేటరు వదిలేస్తే డీజిల్ సరఫరా ఆగిపోతుంది, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో మాత్రం ఇంజిన్ ఆగిపోకుండా డీజిల్ పడుతూనే ఉండాలి. పైగా భాకరాపేట ఘాట్ లాంటి చోట ఇంజిన్ పట్టు తప్పి, లోడు భారమంతా బ్రేకుల మీద పడుతుంది.

నెమ్మదిగా పోతే మార్కెట్లో వేలం తప్పిపోతుందంటారు. 120 కిలోమీటర్ల దారిలో 80కీ 60కీ తేడా అరగంట. ఊళ్లు, స్పీడ్ బ్రేకర్లు దాటాక అదీ మిగలదు. లోడింగ్ దగ్గర గంటసేపు బండిని నిలబెట్టి, ఆ ఆలస్యాన్ని రోడ్డు మీద పూడ్చమనడం న్యాయం కాదు. మైలేజీ కోసం పొగ ఫిల్టరు తీయించేస్తే పోలేదా అనేవాళ్లూ ఉన్నారు. అమెరికాలో పదేళ్లలో 5.5 లక్షలకు పైగా డీజిల్ పికప్‌ల కాలుష్య నియంత్రణ పరికరాలు పీకేశారని అక్కడి పర్యావరణ సంస్థ 2020లో లెక్కతేల్చింది. ఆదా ఓనరు జేబులోకి, విషం ఊరందరి ఊపిరితిత్తుల్లోకి పోయే బేరమది.

మిగిల్చిన డీజిల్‌లో వాటా ఇస్తే డ్రైవరు లెక్కలు తారుమారు చేస్తాడన్న అనుమానానికి మందు సులువే. ట్యాంకు నిండా కొట్టించి మీటరు రాసుకుని, మళ్లీ నిండా కొట్టించినప్పుడు పట్టిన లీటర్లతో తిరిగిన దూరాన్ని భాగించాలి. లోడు రోజూ మారుతుంది కాబట్టి నెల సగటు చూడాలి. నెలకు 3,000 కిలోమీటర్లు తిరిగే బండి మైలేజీ లీటరుకు 12 నుంచి 13.5 కిలోమీటర్లకు పెరిగిందనుకుందాం, 28 లీటర్ల దాకా మిగులుతుంది. లీటరు 95 రూపాయలు వేసుకున్నా రెండున్నర వేలు దాటుతుంది. అందులో సగం డ్రైవరుకిస్తామని ముందే మాటిస్తే చాలు, రేపటి నుంచి ఎవరూ చెప్పకుండానే టైర్లలో గాలి చూసుకుని బయల్దేరతాడు.